సూర్యుడు చెలరేగిన రాత్రి నేను వోల్టేజీ పెంచాను

ప్రశ్న: సూర్యుడి మీద పెద్ద జ్వాలలు లేచినప్పుడు కాస్మిక్ కిరణాలు పెరిగి భూమ్మీద రేడియేషన్ ఎక్కువవుతుందట, నిజమేనా? వచ్చే వారం మా అమ్మానాన్నలు ఉత్తర ధ్రువం మీదుగా వెళ్లే విమానం ఎక్కుతున్నారు. వాయిదా వేయించమంటారా?

వాయిదా అక్కర్లేదండీ. మీకు కావలసిన జవాబు అంతే. కానీ ఈ ప్రశ్న చూడగానే ఇరవై ఏళ్ల కిందటి ఒక రాత్రి గుర్తొచ్చింది. ఇక ఆగడం నా వల్ల కాదు.

మీరు విన్నది సగం తలకిందులు. సూర్యుడు బాగా చెలరేగిన రోజుల్లో భూమి దగ్గర కాస్మిక్ కిరణాలు చాలాసార్లు పెరగవు, తగ్గుతాయి. ఈ ముక్క నాకు పుస్తకం చదివి ఒంటబట్టలేదు, తిట్లు తిని ఒంటబట్టింది.

2003 అక్టోబరు. నేను రీసెర్చ్‌లో చేరి రెండో ఏడు. మా ల్యాబ్‌లో ముయాన్లను లెక్కపెట్టే డిటెక్టర్ ఒకటి ఉండేది. ఎక్కడో గెలాక్సీలో పుట్టిన కణాలు, అంటే ఈ కాస్మిక్ కిరణాలే, వచ్చి పైగాలిని గుద్దుకుంటే తునకలు తునకలుగా కొత్త కణాలు పుడతాయి. వాటిలో నేల దాకా దిగివచ్చేవి ఎక్కువగా ముయాన్లే. డిటెక్టర్ అంటే పెద్ద యంత్రం ఊహించుకోకండి. ఒకదాని మీద ఒకటి రెండు ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలు, అంటే కణం దూరితే చిన్నగా మెరిసేవి, మధ్యలో జానెడు ఎడం. ఒక్కో పలక చివర ఆ మెరుపును పట్టుకుని కరెంటుగా మార్చే ఫొటోమల్టిప్లయర్ ట్యూబు. వెలుతురు చొరబడకుండా నల్ల కాగితం, దాని మీద నల్ల టేపు, అది చాలదన్నట్టు ఇంకో వరస నల్ల టేపు. రెండు పలకల్లోనూ ఒకేసారి మెరుపు పుడితే ఒక ముయాన్ వెళ్లినట్టు లెక్క. పక్కనే ఎర్ర అంకెల కౌంటరు. పది నిమిషాలకోసారి ఆ అంకె లాగ్‌బుక్కులో రాయాలి. కంప్యూటర్ లేక కాదు. అది తన పని తాను చేసుకుపోయేది. కానీ మా గైడ్ గారికి దాని మీద నమ్మకం లేదు. "చేత్తో రాస్తే అంకె ముఖం గుర్తుంటుందిరా" అనేవారు.

గుర్తుంది మరి. మామూలు రోజుల్లో 10,150, ఒక వంద అటూ ఇటూ. అక్టోబరు 29 రాత్రి పదింటికి డ్యూటీలో కూర్చుంటే మొదటి అంకె 9,660. సరే, ఒక్కోసారి అలాగే వస్తుందిలే అనుకున్నాను. తర్వాతది 9,640. ఆ తర్వాత 9,690. పది వేల లెక్కలో వంద అటూ ఇటూ ఊగడం సహజం, ఐదు వందలు పడిపోవడం సహజం కాదు. పగటి డ్యూటీ చేసిన సీనియర్ లాగ్‌బుక్కులో పెన్సిల్‌తో "తక్కువగా ఉంది, చూడాలి" అని రాసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ చూడాల్సినవాణ్ణి నేనే అని తెలియగానే టెన్షన్ మొదలైంది.

ముందు బారోమీటరు చూశాను. గాలి పీడనం పెరిగితే ముయాన్లు కాస్త తగ్గుతాయి. కానీ ఐదు శాతం తగ్గాలంటే పీడనం ఘోరంగా పెరగాలి. సూది నిన్న ఎక్కడుందో ఈరోజూ అక్కడే ఉంది. ఆ ఒక్క సూదిని నమ్మి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని ఉంటే ఈపాటికి గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

కూర్చోలేదు. టేపు ఊడిందేమోనని పలకల చుట్టూ టార్చి వేసి పాకాను. ఒక మూల కాస్త లేచినట్టు కనిపిస్తే దాని మీద ఇంకో నాలుగు చుట్లు చుట్టాను. వెలుతురు చొరబడితే లెక్క పెరగాలి గానీ తగ్గదన్న సంగతి ఆ అర్ధరాత్రి నాకు తట్టనే లేదు. తర్వాత కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను. ఏం మారలేదు. చివరికి, చెయ్యి పెట్టకూడదని మొదటి రోజే చెప్పిన చోట చెయ్యి పెట్టాను. ఆ ట్యూబులకు వెళ్లే హై వోల్టేజీ నాబ్. 1,700 నుంచి 1,740 చేశాను, అంకె కొంచెం లేచింది. 1,780 చేశాను, 10,120 వచ్చింది. హమ్మయ్య! లాగ్‌బుక్కులో "హెచ్‌వీ సరిచేశాను, లెక్క మామూలైంది" అని రాసి, కింద సంతకం కూడా పెట్టి, కుర్చీలోనే కునుకు తీశాను.

పొద్దున గైడ్ గారు వచ్చి లేపారు. చేతిలో రెండు ప్రింటవుట్లు ఉన్నాయి. వేరే వేరే దేశాల్లోని న్యూట్రాన్ మానిటర్ల గ్రాఫులు. అవీ కాస్మిక్ కణాలను లెక్కపెట్టేవే, ముయాన్ల బదులు న్యూట్రాన్లతో. రెండింట్లోనూ గీత గోడ మీంచి దూకినట్టు కిందికి పడిపోయి ఉంది. వాటి పక్కన నా లాగ్‌బుక్కు పెట్టారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ప్రపంచంలో ఉన్న మానిటర్లన్నీ నిన్న ఒకేసారి పాడయ్యాయంటావా?" అన్నారు. నేను ఏదో గొణిగాను. "నువ్వు పెంచింది ముయాన్లను కాదు, నాయిస్‌ని, ఉత్తుత్తి లెక్కని" అని లాగ్‌బుక్కు మూసి వెళ్లిపోయారు.

ఎన్నో ఏళ్లకు గానీ రాని తుఫాను అది. నా పుణ్యమా అని మా డేటాలో అది ఆ అర్ధరాత్రికే ఆగిపోయింది.

ఇంతకీ జరిగిందేమిటంటే, ముందు రోజు, అంటే 28న, సూర్యుడి మీద ఎక్స్17 తరగతి జ్వాల, అంటే మహా పెద్దది, లేచింది. దాని వెలుతురు, ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరాయి. అదే సమయంలో సూర్యుడి నుంచి ఒక పెద్ద ప్లాస్మా మేఘం కూడా విసురుగా బయల్దేరింది. సీఎంఈ (కరోనల్ మాస్ ఎజెక్షన్) అంటారు దాన్ని. మామూలుగా రెండు మూడు రోజుల ప్రయాణం, ఇది 19 గంటల్లోనే వచ్చేసింది. ఆ మేఘం తనతో మెలికలు తిరిగిన అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. గెలాక్సీ నుంచి వచ్చే కణాలకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఆ మెలికల్లోంచి నేరుగా రాలేవు. మేఘం వాటిని చీపురుతో ఊడ్చినట్టు పక్కకు నెట్టుకుంటూ వస్తుంది. దాని చాటున భూమి ఉన్నంతసేపూ మనకు అందే కాస్మిక్ కణాలు తక్కువ. ఆసారి కొన్ని న్యూట్రాన్ మానిటర్లలో లెక్క ఇరవై శాతానికి పైగా పడిపోయింది. ముయాన్లు పుట్టడానికి ఇంకా ఎక్కువ శక్తి గల కణాలు కావాలి, వాటిని మేఘం అంత తేలిగ్గా ఆపలేదు. అందుకే మా దగ్గర ఐదు శాతమే. పడటం గంటల్లో పడుతుంది, కోలుకోవడానికి రోజులు పడుతుంది. స్కాట్ ఫోర్బుష్ అనే ఆయన 1937లోనే ఇది పట్టుకున్నాడు కాబట్టి ఫోర్బుష్ తగ్గుదల అంటారు. ఆ పేరు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి నేను. ఎదురుగా కనిపిస్తే మాత్రం నాబ్ తిప్పాను.

ఒక్క తుఫానుకే కాదు, పదకొండేళ్ల సౌర చక్రం మొత్తానికీ ఇదే వరస. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో కాస్మిక్ కణాలు తక్కువ, మందకొడిగా ఉన్న ఏళ్లలో ఎక్కువ. 2009లో సూర్యుడి మీద మచ్చలే కరువైపోయినప్పుడు న్యూట్రాన్ మానిటర్లు అంతకుముందు ఎన్నడూ చూడనంత లెక్క చూపించాయి. ఆ ఏడు విమానం ఎక్కినవాళ్లెవరూ భయపడలేదు. టీవీలో మంటలు కనిపించలేదు కదా!

నా అభిప్రాయం అడిగితే, ఈ గందరగోళమంతా "కిరణాలు" అన్న మాట దగ్గరే మొదలైంది. అవి కిరణాలు కావు, కణాలు. పదింట తొమ్మిది ప్రోటాన్లే. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బెలూన్‌లో ఐదు కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి వెళ్లేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కనిపెట్టాడు. తర్వాత అమెరికా శాస్త్రవేత్త మిల్లికన్ ఇవి గామా కిరణాల్లాంటివనుకుని కాస్మిక్ కిరణాలని పేరు పెట్టాడు. ఆయన అనుకున్నది తప్పని తేలింది, పేరు మాత్రం అతుక్కుపోయింది. కిరణాలనగానే మన బుర్ర ఎండను ఊహించుకుంటుంది. ఎండ పెరిగితే కిరణాలు పెరగాలి కదా అనిపిస్తుంది. అయస్కాంతానికి వంగే కణాలని చెప్పి ఉంటే ఎవరూ ఇలా అనుకునేవారు కాదు.

రెండో గొడవ టీవీ వాళ్లది. జ్వాల, సీఎంఈ, సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్రోటాన్లు మూడూ వేరువేరు. మూడింటినీ కలిపి సౌర తుఫాను అనేసి, వెనకాల భూగోళం మంటల్లో కాలుతున్న బొమ్మ వేస్తారు. జ్వాల నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు నేలకు అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తులోనే ఆగిపోతాయి. అక్కడి గాలిని గందరగోళం చేసి షార్ట్‌వేవ్ రేడియోను చెడగొడతాయి, అంతవరకే. నేల మీదున్న మనకు వాటి నుంచి పిసరంత రేడియేషన్ కూడా అందదు.

మరి రేడియేషన్ పెరగడమన్నదే లేదా? ఉంది. మీ ప్రశ్నలో నిజమున్న సగం అదే. కొన్నిసార్లు సూర్యుడే ప్రోటాన్లను దాదాపు కాంతి వేగంతో విసురుతాడు. అవి పావుగంట, అరగంటలో వచ్చేస్తాయి. మేఘానికి ఒకటి రెండు రోజుల ముందే. వాటిలో బాగా శక్తి గలవి గాలిని గుద్దుకుని, నేల మీద న్యూట్రాన్ మానిటర్లకు కూడా కనిపిస్తాయి. ఇలాంటివి 1942 నుంచి ఇప్పటిదాకా డెబ్బై పైచిలుకు మాత్రమే నమోదయ్యాయి. అన్నిటికన్నా పెద్దది 1956 ఫిబ్రవరి 23న వచ్చింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్న మానిటర్ లెక్క కాసేపు మామూలు కన్నా నలభై రెట్లకు పైగా ఎగిరింది. నలభై రెట్లు అనగానే గుండె జారిపోతుంది గానీ, అది ఆ మానిటర్ లెక్క పెరగడం మాత్రమే. నేల మీద మామూలుగా కాస్మిక్ కణాల నుంచి మనకు అందేది ఏడాదికి 0.3, 0.4 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే లెక్క అది). అందులో గంట వాటా తీసి నలభైతో హెచ్చవేసినా చిల్లరే.

కారణం మన నెత్తి మీదున్న గాలి. ప్రతి చదరపు సెంటీమీటరు మీద కిలో గాలి ఉంది. అంటే పది మీటర్ల లోతు నీళ్ల అడుగున కూర్చున్నట్టే. సూర్యుడి ప్రోటాన్లలో చాలావాటికి ఆ మందం దాటే ఓపిక ఉండదు. అసలు వాటికంటే ముందు భూమి అయస్కాంత క్షేత్రం ఉంది. భూమధ్యరేఖ దగ్గర అది మహా గట్టిది, ధ్రువాల దగ్గర మాత్రం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ధ్రువ మార్గం విమానాల గురించి మాట్లాడుకునేది అందుకే.

ఇక గాలి మీద సూర్యుడి చేవ్రాలు ఎలా ఉంటుందో చూడాలంటే చెట్లను అడగాలి. 2012లో ఫుసా మియాకే అనే జపాన్ పరిశోధకురాలు, ఆమె సహచరులు పాత దేవదారు మానుల వలయాలు ఒక్కొక్కటిగా కొలిస్తే, క్రీ.శ. 774, 775 మధ్య కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా ఎగిరినట్టు తేలింది. గాలిలో పుట్టిన న్యూట్రాన్లు నైట్రోజన్‌ను తాకితే ఆ కార్బన్ తయారవుతుంది, చెట్లు దాన్ని పీల్చుకుంటాయి. 1956 నాటిది దాని ముందు పిల్ల అలే. సూర్యుడు అంత పని చేశాడని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల మాట. ఆ ఏడు బతికిన మనుషులకు అదేమిటో తెలియలేదు, దుంగ మాత్రం రాసిపెట్టుకుంది. మా గైడ్ గారి లాగ్‌బుక్కు లాగే, నాబ్ తిప్పేవాడు లేడు కాబట్టి ఇంకా శుభ్రంగా.

విమానం సంగతికి వస్తాను. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల వైపు వెళ్లే దారిలో గంటకు సుమారు ఐదు మైక్రోసీవర్ట్‌లు అందుతాయి. పద్నాలుగు గంటల ప్రయాణమైతే డెబ్బై. అంటే 0.07 మిల్లీసీవర్ట్. ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లో కూర్చున్నా ప్రకృతి నుంచి సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. కాబట్టి ఒక ధ్రువ ప్రయాణమంటే నేల మీద పదిపదిహేను రోజులు ఎక్కువ బతికినట్టు. ఇదేదో సూర్యుడు మండితే వచ్చేది కాదు, ప్రతి రోజూ ప్రతి విమానంలో ఉండేదే. సీఎంఈ తాకిన మర్నాడు ఎక్కితే, ఫోర్బుష్ తగ్గుదల పుణ్యమా అని ఇది కాస్త తగ్గుతుంది కూడా. ఆ మాట ఒక పెళ్లిలో చెబితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

2003లో కొన్ని విమానాలను ధ్రువ మార్గం నుంచి కిందికి మళ్లించిన మాట నిజం. అందులో రేడియేషన్ జాగ్రత్త కొంత ఉంది గానీ, పెద్ద తలనొప్పి రేడియో. ఆ ప్రోటాన్లు ధ్రువాల మీద పైగాలిని పాడుచేస్తే పైలట్లకు నేలతో మాటలు కుదరవు. ఆ నిర్ణయం విమాన సంస్థలు తీసుకుంటాయి, మీ అమ్మానాన్నలు కాదు. నిజంగా జాగ్రత్తగా లెక్క చూసుకోవాల్సింది ఏడాది పొడవునా ఆ దారుల్లో తిరిగే విమాన సిబ్బంది, అందులోనూ గర్భిణులు. వాళ్ల గురించి ఎవరూ ఫార్వర్డ్ పంపరు.

ఫార్వర్డ్ అంటే గుర్తొచ్చింది. "ఈ రాత్రి 12:30 నుంచి 3:30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తాయి, ఫోన్లు ఆఫ్ చేసి దూరంగా పెట్టండి." మీకూ వచ్చే ఉంటుంది. నాకు ఏటా కనీసం ముగ్గురు పంపుతారు, అందులో ఒకాయన ఇంజినీరింగ్ చదివిన మా బాబాయి. కాస్మిక్ కణాలకు టైం టేబుల్ ఏమిటండీ? ఇది చదువుతున్నంతసేపూ మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటైనా ముయాన్ దూసుకుపోతూనే ఉంది. ఫోన్ ఆపినా పోతుంది, పక్క గదిలో పెట్టినా పోతుంది. ఇదంతా ఒకసారి ఓపిగ్గా రాసి పంపితే బాబాయి బొటనవేలు పెట్టి, మర్నాటికి అదే ఫార్వర్డ్ ఇంకో గ్రూపులో వేశాడు.

నేను చెప్పిందానికి ఎదురు తిరిగే సంగతి ఒకటుంది, దాచను. 2015 జూన్ 22న తుఫాను వచ్చినప్పుడు ఊటీలోని గ్రేప్స్-3 ముయాన్ టెలిస్కోప్‌లో లెక్క రెండు గంటల పాటు పెరిగింది. తుఫాను తాకిడికి భూమి అయస్కాంత కవచం కాసేపు బలహీనపడి, మామూలుగా లోపలికి రానివి కూడా వచ్చేశాయని వాళ్ల వివరణ. వాళ్లది 560 చదరపు మీటర్ల డిటెక్టర్ కాబట్టి అంత చిన్న తేడా పట్టుకోగలిగారు. మా రెండు పలకలకు అది కనిపించేది కాదు. కనిపించినా నేను వోల్టేజీ తగ్గించేసేవాణ్ణి.

2024 మే 11న, 2003 తర్వాత అంత పెద్ద తుఫాను వచ్చినప్పుడు, నేను పొద్దున్నే ఇంట్లో కూర్చుని న్యూట్రాన్ మానిటర్ల గ్రాఫులు తెరిచాను. గీత జారి కింద పడి ఉంది, అచ్చం ఆ రోజు ప్రింటవుట్లలో లాగే. ఆ పల్లంలోనే ఒక చిన్న బొడిపె. గెలాక్సీ కణాలను ఊడ్చేసిన చోటే సూర్యుడు తన సొంత ప్రోటాన్లను విసిరాడన్నమాట. తగ్గడం, పెరగడం రెండూ ఒకే గీతలో. స్క్రీన్‌షాట్ తీసి, రిటైరైపోయిన మా గైడ్ గారికి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "నాబ్ ముట్టుకోలేదు కదా?"

మీ అమ్మానాన్నలను నిశ్చింతగా వెళ్లమనండి. ప్రయాణం రాత్రి పూటైతే, ఆ వారం సూర్యుడు నిజంగానే చెలరేగితే, ధ్రువం వైపు కిటికీ సీటు అడగమనండి. ఆకుపచ్చ తెరలు కనిపించవచ్చు. అద్దానికి తల ఆనించి, లోపలి వెలుతురు పడకుండా దుప్పటి కప్పుకుని చూడాలి.